కొండలో ఖనిజం ఉంటే చాలా? వయనాడు బంగారం నుంచి లిథియం దాకా చిన్న గనుల షేర్ల కథ



ఈమధ్య మనవాళ్లు నలుగురు కలిసినచోట లిథియం మాట వినబడుతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవారు బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందని అడుగుతారు. రిటైరైన పెద్దలు, ఐటీలో ఉన్న పిల్లలు ఆ బ్యాటరీ లోహాలు తవ్వే కంపెనీల షేర్ల గురించి అడుగుతారు. విదేశీ షేర్లు కూడా ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్లో కొనొచ్చు కాబట్టి ఆస్ట్రేలియా, కెనడా చిన్న కంపెనీల పేర్లు మన నోళ్లలోనూ నలుగుతున్నాయి. ఏది కొనాలో, ఏది అమ్మాలో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఈ కథ ఇంతకుముందు ఎన్నిసార్లు నడిచిందో, ఎలా నడిచిందో చెప్పడానికి రాస్తున్నాను.

ఒక మాట ముందే చెబుతాను. చిన్న గనుల కంపెనీ షేరు కొనేవాడు రెండు ప్రశ్నల మీద డబ్బు పెడుతున్నాడు. నేల కింద ఏముంది అనేది మొదటి ప్రశ్న. అది పైకి వచ్చే రోజుకు ఎవరికి కావాలి అనేది రెండోది. అందరూ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతారు. బ్యాటరీ లోహాల్లో డబ్బు ఎక్కువగా పోయింది మాత్రం రెండో ప్రశ్న దగ్గర.

మన పక్కనే జరిగిన కథ

ముందు మనకు దగ్గరగా ఉన్నదాంతో మొదలుపెడదాం. నీలగిరి జిల్లాలో గూడలూరు దాటాక దేవాల, పందలూరు అనే ఊళ్లు వస్తాయి. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఆగ్నేయ వయనాడు అనేవారు. అక్కడి కొండజాతులవారు ఎప్పటినుంచో వాగుల ఇసుక కడిగి బంగారు రజను తీసేవారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో గనుల వ్యవహారాలు చూసిన బ్రఫ్ స్మిత్ అనే ఆయనను ప్రభుత్వం పిలిపించి 1879లో ఆ ప్రాంతాన్ని పరిశీలించమంది. 1880లో ఆయన ఇచ్చిన నివేదిక ఆశాజనకంగా ఉంది. లండన్‌లో ఒక్కసారిగా వెర్రి లేచింది. వయనాడు పేరు పెట్టుకుని కంపెనీల మీద కంపెనీలు పుట్టాయి, లక్షల పౌండ్ల షేర్లు అమ్ముడుపోయాయి. కాఫీ తోటలు ఉన్న భూములు బంగారు భూములుగా చేతులు మారాయి. యంత్రాలు ఓడల్లో వచ్చి, ఎడ్లబండ్ల మీద కనుమలెక్కాయి.

రాయి పగలగొట్టి చూస్తే వచ్చిన బంగారం చాలా తక్కువ. ఖర్చుకు సరిపోలేదు. మూడు నాలుగేళ్లలో దాదాపు కంపెనీలన్నీ మూతపడ్డాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అసలు లాభం తీసినవాళ్లు కొండను తవ్వినవాళ్లు కాదు, తవ్వకముందే భూమి కంపెనీకి అమ్మినవాళ్లు, షేరు పైకి లేచినప్పుడు వదిలించుకున్నవాళ్లు.

అదే వెర్రిలో పుట్టిన ఇంకో కంపెనీ మైసూర్ గోల్డ్ మైనింగ్ కంపెనీ. 1880లో లండన్‌లో రిజిస్టరైంది, కోలారులో తవ్వింది. అంతకు కొన్నేళ్ల ముందు బెంగళూరులో స్థిరపడిన మైకేల్ లవెల్ అనే ఐరిష్ మాజీ సిపాయి మైసూరు ప్రభుత్వం దగ్గర తీసుకున్న తవ్వకపు హక్కులే దీనికి మూలం. 1883 నాటికి ఈ కంపెనీ కూడా చావుబతుకుల్లో పడింది. డబ్బు దాదాపు అయిపోయింది. మూసేసి మిగిలింది పంచుకుందామని చాలామంది వాటాదారులు అన్నారు. జాన్ టేలర్ సంస్థ ఇంకొక్కసారి చూద్దామని పట్టుబట్టి, ప్లమ్మర్ అనే గని కెప్టెన్‌ను పంపింది. ఆయన పూర్వకాలపు తవ్వకాల గుంతల కిందికి దిగి అసలు బంగారు పొర పట్టుకున్నాడు. అదే చాంపియన్ లోడ్. ఆ తర్వాత కోలారు గనులు 3 కిలోమీటర్ల లోతు దాటాయి. 2001లో మూసేదాకా సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాయి. శివసముద్రం నుంచి 1902లో కరెంటు వచ్చింది ఆ గనుల కోసమే.

కోలారు కథను అందరూ విజయగాథలా చెబుతారు. వాటాదారుల లెక్క చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఒకే వెర్రిలో పుట్టిన పదుల కంపెనీల్లో నిలబడినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా చివరి నిమిషంలో, చివరి డబ్బుతో నిలబడ్డాయి. ఆ రోజు ఓటు ఇంకోవైపు పడి ఉంటే కోలారు కూడా వయనాడు పక్కన చేరేది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ కాలంలో ఇంగ్లండులో బంగారం ధర చట్టంతో కట్టేసి ఉండేది. ఔన్సు తీస్తే ఎంత వస్తుందో తవ్వకముందే తెలుసు. ఎంత తీసినా కొనేవాడున్నాడు. కాబట్టి కోలారు వాటాదారుడు భయపడాల్సింది మొదటి ప్రశ్నకు మాత్రమే. నేల కింద ఉందా, లేదా? రెండో ప్రశ్న అతనికి లేదు. ఇప్పుడు లిథియం, కోబాల్ట్, నికెల్ షేర్లు కొనేవారికి ఆ సౌకర్యం లేదు.

చిన్న కంపెనీ ఎలా బతుకుతుంది

మధ్యలో ఒక్క నిమిషం ఆగి, ఈ చిన్న కంపెనీల నడక చూద్దాం. మన కోల్ ఇండియా, ఎన్‌ఎండీసీ లాంటి వాటికి గనులున్నాయి, అమ్మకాలున్నాయి, లాభం నుంచి డివిడెండ్ ఇస్తాయి. చిన్న అన్వేషణ కంపెనీకి ఇవేమీ ఉండవు. దాని చేతిలో ఉండేది ఒక లైసెన్సు కాగితం, ఇద్దరు ముగ్గురు భూగర్భ శాస్త్రజ్ఞులు, అద్దెకు తెచ్చిన డ్రిల్లింగ్ యంత్రం. ఆదాయం సున్నా.

మరి జీతాలెలా వస్తాయి? కొత్త షేర్లు అమ్మడం ద్వారా. బోరు వేయాలంటే షేర్లు అమ్మాలి. మంచి రాయి పడిందని ప్రకటిస్తే షేరు పెరుగుతుంది. పెరిగినప్పుడు మళ్లీ షేర్లు అమ్ముతారు. ఆ డబ్బుతో ఇంకో పది బోర్లు. ఇలా ఏళ్లు గడిచేసరికి కంపెనీ అదే, కొండ అదే, షేర్ల సంఖ్య మాత్రం పదింతలు. మొదట కొన్నవాడి వాటా నీళ్లు కలిపిన మజ్జిగలా పలచబడుతుంది.

బోరు దశ దాటితే గని లాభసాటిగా నడుస్తుందా అని లెక్కల నివేదిక, తర్వాత పర్యావరణ అనుమతులు, ఆ పైన ఫ్యాక్టరీ కోసం పెద్ద అప్పు. మొదటి బోరు నుంచి మొదటి లోడు ఓడ ఎక్కేదాకా ఐదేళ్లు పడితే అదృష్టం. పది, పదిహేనేళ్లు పట్టడం మామూలు. షేరు ధర మాత్రం మొదటి బోరు రోజునే ఎగురుతుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పేరుకీ పుట్టుకకీ మధ్య ఉన్న ఏళ్లలోనే గిరాకీ మారిపోతుంది. కింద చెప్పే కథలన్నీ ఆ మధ్యకాలంలో జరిగినవే.

పొసైడన్: 80 సెంట్ల నుంచి 280 డాలర్లకు

ఆస్ట్రేలియాలో పాతతరం వారికి పొసైడన్ పేరు చెబితే చాలు, తల అడ్డంగా ఊపుతారు.

1969లో నికెల్‌కు ప్రపంచమంతా గిరాకీ. వియత్నాం యుద్ధం నడుస్తోంది, ఆయుధాలకూ స్టెయిన్‌లెస్ స్టీలుకూ నికెల్ కావాలి. అదే ఏడాది కెనడాలోని సడ్‌బరీలో ఇంకో కంపెనీ గనుల కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు. అప్పటి ప్రపంచ నికెల్‌లో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చేది. లండన్ మార్కెట్లో టన్ను ధర 7,000 పౌండ్లకు ఎక్కింది.

సరిగ్గా అప్పుడే అడిలైడ్‌కు చెందిన పొసైడన్ అనే చిన్న కంపెనీ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో విండారా అనే చోట బోరు వేసింది. సెప్టెంబరు మొదట్లో దాని షేరు 80 సెంట్లు. అక్టోబరు మొదటి తేదీన 3.56 శాతం నికెల్ ఉన్న రాయి పడిందని ప్రకటన వచ్చింది. 1970 ఫిబ్రవరికి షేరు 280 డాలర్లు. ఐదు నెలల్లో 350 రెట్లు! ఇంకా ఒక్క టన్ను నికెల్ కూడా నేల మీదికి రాలేదు.

పొసైడన్ షేరు అందనివాళ్లు దాని చుట్టుపక్కల లైసెన్సులున్న కంపెనీల షేర్లు కొన్నారు. అవీ దొరక్కపోతే నికెల్ అన్న మాట వినబడిన ఏ కంపెనీ అయినా సరే అన్నారు. టాస్మినెక్స్ అనే కంపెనీ షేరు 1970 జనవరిలో, పెద్దాయన పత్రికలతో ఉత్సాహంగా అన్న నాలుగు మాటల మీద, కొన్ని రోజుల్లోనే 3 డాలర్ల లోపు నుంచి లండన్‌లో 96 డాలర్లకు పోయింది. అక్కడ పనికొచ్చే నికెల్ ఏమీ దొరకలేదు.

పొసైడన్ సంగతి వేరు. అక్కడ నికెల్ ఉంది. అది మోసం కాదు. కానీ గని పని 1974లో మొదలయ్యేసరికి సమ్మె ఎప్పుడో తీరిపోయింది, నికెల్ ధర దిగిపోయింది, ఖర్చులు పెరిగిపోయాయి. రాయిలో నికెల్ శాతం కూడా మొదట చెప్పినంత లేదు. 1976లో కంపెనీ షేరు ఎక్స్‌చేంజి జాబితా నుంచి పోయింది, గని ఇతరుల చేతికి వెళ్లింది. వాళ్లు అక్కడ నికెల్ తీశారు కూడా. గని బతికింది, షేరుదారుడు బతకలేదు. ఈ గందరగోళం మీద ఆస్ట్రేలియా సెనేట్ ఒక కమిటీ వేసింది. సెనేటర్ పీటర్ రే నడిపిన ఆ కమిటీ 1974లో నివేదిక ఇచ్చింది. ఆ దేశపు షేర్ మార్కెట్ చట్టాలు గట్టిపడటానికి అదొక ముఖ్య కారణం.

కథకు ఒక తోక కూడా ఉంది. 2007లో ఇంకో కంపెనీ తన పేరును పొసైడన్ నికెల్‌గా మార్చుకుని అదే విండారాను తీసుకుంది. బ్యాటరీల గిరాకీ వచ్చాక మళ్లీ ఆశలు రేగాయి. ఇంతలో ఇండోనేసియా 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఎగుమతి నిషేధించింది. చైనా కంపెనీలు అక్కడికే వెళ్లి కొలుములు కట్టాయి. చౌక నికెల్ వరదలా వచ్చింది. బీహెచ్‌పీ అంతటి మహా కంపెనీయే 2024లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని తన నికెల్ పని ఆపేసింది. చిన్నవాళ్లెంత? కొత్త పొసైడన్ 2025లో ఒక బంగారం కంపెనీలో కలిసిపోయింది. దాని నికెల్ ఫ్యాక్టరీని బంగారు రాయి ఆడించడానికి మార్చుకోవాలన్నది ఆ విలీనం వెనుక ఆలోచన. నూట నలభై ఏళ్ల తర్వాత కూడా, కొనేవాడు ఎప్పుడూ ఉండే లోహం బంగారమే అయింది చూడండి.

కోబాల్ట్ అనే ఊరు

కెనడాలో ఆంటారియో రాష్ట్రంలో కోబాల్ట్ అనే ఊరుంది. 1903లో రైలుమార్గం వేస్తూ స్లీపర్లకు కలప వెతుకుతున్న మనుషులకు అక్కడ వెండి దొరికింది. వెండితో కలిసి కోబాల్ట్ ఖనిజం ఉండటంతో ఆ పేరు పెట్టారు. ఆ రోజుల్లో వెండి కోసం వచ్చినవాళ్లకు ఆ కోబాల్ట్ ఒక తలనొప్పి. దానితోపాటు ఆర్సెనిక్ కూడా ఉండటం వల్ల వెండి విడదీయడం కష్టమయ్యేది. అసలు కోబాల్ట్ అన్న మాటే జర్మన్ గని కార్మికులు తమను ఏడిపించే భూతానికి పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది.

1906లో ఆ ఊరి నిపిసింగ్ గని షేరు మీద న్యూయార్క్ వీధుల్లో వెర్రి లేచింది. గుగ్గెన్‌హైమ్ కుటుంబం పెద్ద వాటా కొనబోతోందని తెలిసి జనం ఎగబడ్డారు. అదే ఏడాది చివర ఆ కుటుంబం ఒప్పందం వదులుకుంది. షేరు కుప్పకూలింది.

నూట పదేళ్లు గడిచాయి. ఫోన్లు, కార్ల బ్యాటరీల్లో కోబాల్ట్ కావాలి. ప్రపంచ కోబాల్ట్‌లో సుమారు 70 శాతం కాంగో దేశం నుంచే వస్తుంది. అక్కడ చేత్తో తవ్వే గుంతల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారని ప్రపంచమంతా వార్తలు. కాంగో బయట కోబాల్ట్ దొరికితే బంగారమే అనుకున్నారు. 2017లో చిన్న కంపెనీలు కోబాల్ట్ ఊరి మీద పడ్డాయి. ఒకనాడు వెండి వేటగాళ్లు తిట్టుకున్న రాయి కోసం పాత గనుల హక్కులన్నీ కొన్నారు. 2018 వసంతంలో లండన్‌లో టన్ను కోబాల్ట్ ధర 95,000 డాలర్ల దాకా వెళ్లింది.

2019 మధ్యకు అదే ధర 30,000 డాలర్ల కిందికి పడింది. కాంగోలో ఉత్పత్తి పెరగడం ఒక కారణం. బ్యాటరీ తయారుచేసేవాళ్లు కోబాల్ట్ తగ్గించుకోవడం మొదలుపెట్టడం రెండోది. ధర ఎంత పెరిగితే, దాన్ని వదిలించుకోవాలన్న పట్టుదల అంత పెరుగుతుంది. ఖరీదైన వస్తువు తన శత్రువును తానే తయారుచేసుకుంటుంది. అమెరికాలో ఇడాహో రాష్ట్రంలో జెర్వాయ్ అనే కంపెనీ 2022 అక్టోబరులో కోబాల్ట్ గనికి ప్రారంభోత్సవం చేసింది. 2023 మార్చిలో, నిర్మాణం దాదాపు పూర్తయిన దశలో, పని ఆపేసింది. అక్కడ కూడా కోబాల్ట్ ఉంది. కొనేవాడిచ్చే ధర ఖర్చులకు చాలలేదు.

ఒకే శాస్త్రవేత్త, రెండు గిరాకీలు

గిరాకీ ఎక్కడ మారుతుంది? చాలాసార్లు గనికి వేల మైళ్ల దూరంలో, ఒక ప్రయోగశాలలో. ఇందులో మనవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి.

జాన్ గుడెనఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ మీద పనిచేసి చూపించారు. దాని ఆధారంగా సోనీ కంపెనీ 1991లో లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. కోబాల్ట్‌కు గిరాకీ అక్కడ పుట్టింది. తర్వాత ఆయన టెక్సాస్ వెళ్లారు. 1997లో ఇంకో పదార్థం మీద వ్యాసం ప్రచురించారు. అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇనుము, ఫాస్ఫేట్ ఉంటాయి, కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. ఆ వ్యాసం మీద ఆయనతోపాటు పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరి పేర్లున్నాయి. గుడెనఫ్‌కు 97వ ఏట, 2019లో నోబెల్ వచ్చినప్పుడు ఆయన తరఫున స్టాక్‌హోంలో ఉపన్యసించింది తమిళనాడులో పుట్టిన ఆచార్య అరుముగం మంథిరం.

ఈ ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చాలాకాలం చిన్నచూపుకు గురైంది. బరువెక్కువ, ఒక్క చార్జికి కారు తక్కువ దూరం పోతుంది అనేవారు. 2020లో చైనా కంపెనీ బీవైడీ బ్లేడ్ బ్యాటరీ తెచ్చింది. 2021 అక్టోబరులో టెస్లా తన మామూలు రేంజి కార్లన్నిటికీ ఇదే వాడతామంది. 2024 నాటికి ప్రపంచ ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం ఇవే. మన దగ్గర తిరిగే ఎలక్ట్రిక్ వాహనాల్లో కూడా చాలావాటిలో ఉన్నవి ఇవే. 2017లో కోబాల్ట్ షేరు కొన్నవాడి కాళ్ల కింద నేల 1997లోనే కదలడం మొదలైంది. అతను చదివిన కంపెనీ ప్రకటనలో ఆ సంగతి ఉండదు కదా.

ఒకే కొండ మీద ఇద్దరు

ఇప్పుడు లిథియం. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో కోబాల్ట్ లేకపోయినా లిథియం ఉంటుంది. కాబట్టి లిథియం గిరాకీకి ఢోకా లేదని చాలామంది అంటారు. ఆ మాట నిజమే. అయినా జరిగింది చూడండి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో పోర్ట్ హెడ్‌లాండ్ రేవుకు లోపలగా పిల్గంగూరా అనే చోటుంది. అక్కడ లిథియం ఉండే స్పాడుమీన్ రాయి విస్తారంగా ఉంది. ఆ ఒక్క ఖనిజపు పట్టీ మీద రెండు కంపెనీలు పక్కపక్కనే గనులు తెరిచాయి. ఒకటి పిల్బరా మినరల్స్, ఇంకొకటి ఆల్టురా మైనింగ్. ఒకే రాయి, ఒకే దారి, ఒకే రేవు. 2018 అక్టోబరులో రెండూ ఓడలకు సరుకెక్కించాయి. అప్పటికి ఆ రాతిపొడి టన్ను సుమారు 900 డాలర్లు.

2019లో చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద ఇచ్చే సబ్సిడీ బాగా తగ్గించింది. అమ్మకాలు మందగించాయి. అదే సమయానికి 2016, 2017ల్లో షేర్లు అమ్మి కట్టిన కొత్త గనులన్నీ ఒక్కసారిగా సరుకు దించాయి. తర్వాత కరోనా. 2020 చివరికి టన్ను ధర 400 డాలర్ల దగ్గరికి వచ్చింది. పిల్బరా షేరు 2020 మార్చిలో 20 సెంట్ల కిందికి పోయింది.

పిల్బరాకు చైనా బ్యాటరీ కంపెనీ క్యాటిల్ 2019లోనే 5.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెట్టి వాటా కొంది. ఆ ఊపిరితో అది నిలదొక్కుకుంది. ఆల్టురాకు అలాంటి అండ దొరకలేదు. 2017లో ఫ్యాక్టరీ కోసం తెచ్చిన సుమారు 11 కోట్ల అమెరికా డాలర్ల అప్పు మెడకు చుట్టుకుంది. 2020 అక్టోబరులో అప్పిచ్చినవాళ్లు రిసీవర్లను పెట్టారు. గని వాటాదారుల చేయి దాటిపోయింది. పక్కింటి పిల్బరాయే 2021 జనవరిలో ఆ గనిని, ఫ్యాక్టరీని కొనేసింది.

ఆరు నెలలు తిరిగేసరికి కథ మారింది. 2021 జులై వేలంలో పిల్బరా రాతిపొడి టన్ను 1,250 డాలర్లు పలికింది. 2022 చివర్లో 7,000 డాలర్లు దాటింది! పిల్బరా షేరు 5 ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఆల్టురా వాటాదారులు పొరబడింది కొండ విషయంలో కాదు, లిథియం విషయంలో కాదు. వాళ్ల అంచనా రెండూ నిజమయ్యాయి. అప్పుకు గడువు ఉంది, గిరాకీకి వేరే గడువు ఉంది, ఆ రెండింటి మధ్య తేడా కొద్ది నెలలు. కోలారులో 1883లో చివరి డబ్బుతో ఇంకొక్క కెప్టెన్‌ను పంపగలిగారు. ఆల్టురాకు ఆ ఇంకొక్క అవకాశం రాలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2022 ధరలు చూసి ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, చైనాలో కొత్త గనులు వచ్చాయి. చైనా జాతీయ సబ్సిడీ 2022 డిసెంబరుతో ముగిసింది. ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు పెరుగుతూనే ఉన్నాయి, సరుకు అంతకంటే వేగంగా పెరిగింది. 2024లో టన్ను ధర 1,000 డాలర్ల లోపుకు దిగింది. కోర్ లిథియం అనే చిన్న కంపెనీ 2024 జనవరిలో తవ్వకం ఆపింది. పిల్బరా 2024 డిసెంబరులో ఒక ఫ్యాక్టరీకి తాళం వేసింది. అది ఏదో తెలుసా? ఆల్టురా అప్పు చేసి కట్టిన ఫ్యాక్టరీయే. 2025 మధ్యలో పిల్బరా షేరు ఒకటిన్నర డాలర్ల కింద ఉంది.

పెరుగుతున్న గిరాకీలో కూడా షేరు పడుతుందని ఈ కొండ చెబుతోంది. గిరాకీ పెరగడం ఒక్కటే చాలదు, మిగతావాళ్లు తవ్వే వేగం కంటే ఎక్కువ పెరగాలి.

మన దేశం మాట

2020 ఫిబ్రవరిలో మండ్య జిల్లా మార్లగళ్ల దగ్గర 14,100 టన్నుల లిథియం ఉందని వార్త వచ్చింది. కర్ణాటకలో ఉన్న మనందరి ఫోన్లకూ అది చేరింది. తర్వాతి ఏడాది పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన ప్రాథమిక అంచనా 1,600 టన్నులు. 2023 ఫిబ్రవరిలో జమ్ముకశ్మీర్‌లోని రియాసీలో 59 లక్షల టన్నులు అని ఇంకో వార్త. అది తొలి దశ అంచనా, పైగా ఖనిజం లెక్క, శుద్ధి చేసిన లిథియం లెక్క కాదు. వేలం పెడితే చాలినంతమంది రాలేదు, వేలం రద్దయింది. మట్టిలోంచి లాభసాటిగా లిథియం తీయగలమా అన్నది తేలకుండా ఎవరు డబ్బు పెడతారు?

ఇంకో దారి కూడా ఉంది. ఒడిశాలోని మన సభ్యులకు బాగా తెలిసిన నాల్కో, మరో రెండు ప్రభుత్వ సంస్థలు కలిసి 2019లో కాబిల్ అనే కంపెనీ పెట్టాయి. 2024 జనవరిలో అది అర్జెంటీనాలోని కటమార్కా రాష్ట్రంలో ఐదు లిథియం బ్లాకుల అన్వేషణకు ఒప్పందం చేసుకుంది. అది ఫలించినా ఫలించకపోయినా, అప్పటిదాకా ఆగగల శక్తి ప్రభుత్వ సంస్థకు ఉంటుంది. పింఛను డబ్బు పెట్టినవారికి ఉండదు.

చివరగా నాలుగు ప్రశ్నలు

కొత్త ఖనిజం దొరికిందని ఎవరైనా కంపెనీ కాగితం చూపిస్తే ఈ నాలుగూ అడగండి. ఈ కంపెనీకి ఇప్పుడు సరుకు అమ్మకం మీద ఆదాయం ఉందా, షేర్లు అమ్మి బతుకుతోందా? చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది? అప్పుంటే తీర్చాల్సిన తేదీ ఏది? ఈ లోహం లేకుండా అదే పని చేసే బ్యాటరీ ఇప్పటికే ఎక్కడైనా అమ్ముడవుతోందా? మొదటి మూడింటికి జవాబు కంపెనీ లెక్కల పుస్తకంలోనే ఉంటుంది. నాలుగోదానికి కంపెనీ కాగితాలు చాలవు, బయట వెతకాలి. పొసైడన్ నుంచి ఆల్టురా దాకా పడ్డవాళ్లంతా ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని దగ్గరే పడ్డారు. ఖనిజం లేక పడ్డవాళ్లు తక్కువ.

షేరు పోయినవాడు కాగితం చింపేసి ఇంకో పని చూసుకుంటాడు. గని మూతపడితే ఊరు అక్కడే మిగులుతుంది. ఈ సంగతి కోలారు గనుల కుటుంబాలకు ఎవరూ చెప్పక్కర్లేదు. సైనైడ్ దిబ్బలు ఇంకా ఉన్నాయి, పొద్దున్నే బెంగళూరు రైలెక్కి పనికి వెళ్లే మనుమలు ఉన్నారు. లండన్ వాటాదారుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి కానీ, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వెళ్లి లోతుల్లో పనిచేసిన మన తాతల పేర్లు చాలావరకు ఎక్కడా లేవు. మీ ఇళ్లలో గని గుర్తింపు కార్డులు, జీతం చీటీలు, పాత ఫొటోలు ఏమైనా ఉంటే ఫొటో తీసి ఇక్కడే కింద పెట్టండి. సంఘం తరఫున ఒకచోట దాచిపెడదాం. పిల్లలు లిథియం షేరు గురించి అడిగినప్పుడు, ముందు అవి చూపించి మాట్లాడదాం.